సవరణ: అమెరికాలో మొదట దిగిన చోటే బ్యాగులు తీసుకోవాలి

హైదరాబాద్ నుంచి దుబాయ్, షికాగో మీదుగా డాలస్ వెళ్లే పెద్దవాళ్ల కోసం మొన్న రాసిన పోస్టులో "చెకిన్ బ్యాగులు నేరుగా డాలస్‌లోనే వస్తాయి, షికాగోలో పట్టించుకోనక్కర్లేదు" అన్నాను. అది తప్పు.

అమెరికా కస్టమ్స్ విభాగం నిబంధనల ప్రకారం, సాధారణంగా ఆ దేశంలో మొదట దిగిన ఎయిర్‌పోర్టులోనే ఇమిగ్రేషన్ అయ్యాక బెల్టు మీద బ్యాగులు తీసుకుని, కస్టమ్స్ దాటి, కనెక్షన్ ప్రయాణికుల కౌంటర్లో మళ్లీ అప్పగించాలి. ట్యాగు మీద డాలస్ అని ఉన్నా సరే. నేను బోల్తా పడింది ఆ ట్యాగు చూసే.

షికాగోలో ఆ తర్వాత టెర్మినల్ 5 నుంచి ట్రైన్‌లో డొమెస్టిక్ టెర్మినల్‌కి వెళ్లి మళ్లీ సెక్యూరిటీ దాటాలి. గంటన్నర వ్యవధితో టికెట్ కొంటే టెన్షన్ తప్పదు. దుబాయ్ డ్యూటీ ఫ్రీలో కొన్న సెంటు సీసా 100 మిల్లీలీటర్లు దాటితే, బ్యాగు తిరిగి ఇచ్చేలోపే అందులో పెట్టేయండి.

అబుదాబి నుంచి వెళ్లేవాళ్లకు అమెరికా ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు అక్కడే అయిపోతే ఈ తిప్పలు ఉండవు.