మొదటి రౌండులోనే కార్నర్‌ను కొనాలి, పెరటి తలుపు సంగతి తర్వాత

ఏటా ఏప్రిల్ చివర్లో ఉత్తర డాలస్ తెలుగువాళ్లకు రెండు విషయాల మీద చచ్చినా మాట కలవదు. ఆవకాయలో వెల్లుల్లి వేయాలా వద్దా అన్నది ఒకటి. డాలస్ కౌబాయ్స్ మొదటి రౌండులో కార్నర్‌బ్యాక్‌ను తీసుకోవాలా వద్దా అన్నది రెండోది. (కౌబాయ్స్ అంటే ఎన్‌ఎఫ్ఎల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఈ ఊరి జట్టు. ఏప్రిల్ చివర్లోనే జట్లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ జరుగుతుంది. అందులో ఒక్కో వంతు ఒక పిక్, ఒక చుట్టు వంతులు ఒక రౌండు.) కౌబాయ్స్ కార్యాలయమూ ప్రాక్టీసు మైదానమూ ఫ్రిస్కోలో, మనవాళ్లు అంతమంది ఉండే చోటే ఉన్నాయి కాబట్టి ఈ రెండో తగువును పరాయి ఊరి వ్యవహారమని కొట్టిపారేయలేం. వెల్లుల్లి జోలికి పోయే ధైర్యం ఈ వ్యాసానికి లేదు. కార్నర్ విషయంలో మాత్రం మా అభిప్రాయం ఖరాఖండి: తీసుకోవాలి. మన వంతు వచ్చేదాకా ఆగకుండా, ఇంకో పిక్ ఎదురిచ్చి ముందుకు జరిగి మరీ తీసుకోవాలి.

ఆట కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ముందు ఉద్యోగం ఏమిటో చెప్పుకుందాం. అవతలి జట్టు రిసీవర్ బంతి పట్టడానికి పరిగెత్తుతాడు. వాడికది అందకుండా చూసేవాడు కార్నర్. ఎటు పోవాలో రిసీవర్‌కు ముందే తెలుసు, కార్నర్‌కు తెలియదు. రిసీవర్ ముందుకు పరిగెత్తుతాడు, కార్నర్ వెనక్కి. దొంగ దారి చూసుకుని పారిపోతుంటే కావలివాడు వాడికేసి చూస్తూ వెనకడుగులు వేసుకుంటూ వాడికన్నా ముందే ఊరు చేరాలన్నమాట. చూడాల్సింది మొహం కేసి కూడా కాదు, నడుం కేసి. కళ్లు, భుజాలు, మెడ అన్నీ అబద్ధాలాడతాయి. బొడ్డు ఎటు తిరిగితే మనిషి అటే పోతాడు.

ప్రెస్ ఆడే కార్నర్‌ను ఒక్క బంతికి దగ్గరగా గమనించండి. రిసీవర్‌కు గజం దూరంలో మోకాళ్లు వంచి, బరువంతా మునివేళ్ల మీద వేసి నిలబడతాడు. బంతి కదలగానే చేయి వేసి అడ్డుకోవాలి. రెండు చేతులూ ఒకేసారి విసిరితే ఒళ్లు ముందుకు తూలుతుంది, రిసీవర్ పక్కనుంచి జారిపోతాడు. కాబట్టి ఒక చేయి, అదీ కాళ్లు కదిలాకే. ఆ వేసేది మొదటి 5 గజాల్లోనే వేయాలి. దాటాక వేస్తే 5 గజాల జరిమానా, పైగా అవతలివాళ్లకు కొత్త ఫస్ట్ డౌన్, అంటే మళ్లీ మొదటినుంచి నాలుగు ప్రయత్నాలు. ఈ 5 గజాల గీత 1978 నాటిది. 2004లో దీన్ని మరీ గట్టిగా అమలు చేయమని రిఫరీలకు చెప్పారు. అప్పటినుంచి కార్నర్ చేతులు ఉన్నా లేనట్టే.

ఆ తర్వాత నడుం తిప్పాలి. కొంపలు మునిగేది ఇక్కడే. ఒక అడుగు ముందు తిప్పితే రిసీవర్ లోపలికి విరుచుకుని పోతాడు. ఒక అడుగు ఆలస్యమైతే వాడి వీపు మీద నంబరు చదువుకుంటూ పరిగెత్తాలి. వెనకబడ్డవాడికి కంగారు పుడుతుంది. తల తిప్పి బంతి కోసం చూడడు, మీద పడిపోతాడు. ఇంటర్‌ఫియరెన్స్ అని రిఫరీ పసుపు జెండా ఎగురుతుంది. తప్పు ఎక్కడ జరిగిందో అక్కడికే బంతి పోతుంది. 45 గజాల అవతల జరిగితే 45 గజాలూ సమర్పయామి. ఎండ్ జోన్‌లో, అంటే బంతి చేరితే టచ్‌డౌన్ అయి పాయింట్లు వచ్చే చివరి పట్టీలో జరిగితే 1 గజం గీత మీద పెడతారు. ఇదంతా రెండున్నర, మూడు సెకన్ల పని. ఇంత సులువైన పనికి 21 ఏళ్ల కుర్రాణ్ని నాలుగేళ్ల ఒప్పందం మీద పెట్టుకోవడానికి ఎందుకు వెనకాడాలో మాకు బోధపడదు.

కాలేజీలో బాగానే ఆడాడుగా అంటారా? ఆడాడు, నిజమే. అక్కడి చట్టం వేరు. కాలేజీ ఆటలో ఈ 5 గజాల గీతే లేదు, రిసీవర్ తనకు ఎదురుగా ఉన్నంతసేపూ, బంతి గాల్లోకి లేచేదాకా వాణ్ని చేత్తో అడ్డుకోవచ్చు. ఇంటర్‌ఫియరెన్స్‌కు శిక్ష 15 గజాలు మించదు. కాబట్టి తెలివైన కుర్రాడు అక్కడ నేర్చుకునే మొదటి పాఠం: దెబ్బతింటున్నావని తెలిస్తే పట్టుకో, 15తో పోతుంది. ఆ పాఠం వంటబట్టించుకుని ఎన్‌ఎఫ్ఎల్‌కు వస్తాడు. మైదానం గీతలు కూడా మారిపోతాయి. ప్రతిసారీ బంతిని హ్యాష్ గీతల మీదనో మధ్యనో పెట్టి ఆట మొదలుపెడతారు. కాలేజీలో ఆ రెండు గీతల మధ్య దూరం 40 అడుగులు, ఇక్కడ 18 అడుగుల 6 అంగుళాలు. దానర్థం, కాలేజీలో ఇరుకు వైపు కాచే కార్నర్‌కు బంతి నుంచి సైడ్‌లైన్ దాకా 60 అడుగుల జాగా ఉంటే ఇక్కడ దాదాపు 71. మూడు సెంట్ల దొడ్డి కాచినవాడికి నాలుగు సెంట్లు అప్పజెప్పి, పైగా కర్ర లాక్కున్నట్టు. అయినా మొదటి రౌండు కుర్రాడు కదా, సర్దుకుంటాడు.

సర్దుకోని సందర్భాలూ ఉన్నాయని గిట్టనివాళ్లు 2020 లెక్క తీస్తారు. ఆ ఏడు డెట్రాయిట్ 3వ పిక్‌తో జెఫ్ ఒకూడాను తీసుకుంది. 2021 మొదటి ఆటలోనే మడమ నరం తెగింది. 2023లో అట్లాంటాకు 5వ రౌండు పిక్‌కు ఇచ్చేశారు. 9వ పిక్‌తో జాక్సన్‌విల్ తీసుకున్న సి.జె. హెండర్సన్ రెండో సీజన్ మొదట్లోనే కరోలినా చేరాడు. 16వ పిక్‌తో అట్లాంటా తీసుకున్న ఎ.జె. టెర్రెల్ మాత్రం నిలిచాడు, 2024లో 4 ఏళ్లకు 8 కోట్ల 10 లక్షల డాలర్ల ఒప్పందం రాయించుకున్నాడు. వరసలో వెనకున్నవాడు ముందున్నవాళ్లను దాటాడంటే ముందున్నవాళ్లను తీసుకోవడం తప్పని కాదు. వెనకవాణ్ని ముందే తీసుకోవాల్సిందని.

ఇక ఎంపిక. ఇండియానాపొలిస్‌లో కంబైన్ అని జరుగుతుంది. పెళ్లిచూపులే, కాకపోతే పాట బదులు పరుగు. 40 గజాలు ఉరకమంటారు, చేతుల పొడవు కొలుస్తారు, నిలబడ్డ చోటు నుంచి దూకమంటారు. 2022లో కేలన్ బార్న్స్ అనే కార్నర్ 40 గజాలు 4.23 సెకన్లలో లాగించాడు. అతణ్ని 7వ రౌండులో, 242వ పిక్‌తో తీసుకున్నారు. ఆ ఆగస్టులోనే ఇంటికి పంపారు. 2015లో బైరన్ జోన్స్ నిలబడ్డ చోటు నుంచి 12 అడుగుల 3 అంగుళాలు దూకాడు. డాలస్ అతణ్ని 27వ పిక్‌తో తెచ్చుకుంది. 5 ఏళ్లలో అతను పట్టిన ఇంటర్‌సెప్షన్లు, అంటే అవతలివాళ్లు విసిరితే మధ్యలో లాక్కున్న బంతులు, 2. మొదట్లో సేఫ్టీగా, అంటే కార్నర్ల వెనక కాపలాగా ఆడించారు కాబట్టి కొంత తరుగు తీయాలి. ఆ తర్వాత మయామీ అతనికి 5 ఏళ్లకు 8 కోట్ల 25 లక్షల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. ఇదేం లెక్క అనకండి. మంచి కార్నర్ వైపు ఎవరూ బంతి వేయరు, వేయకపోతే పట్టేదేముంది? పని చేసిన జాడ కనిపించకపోవడమే పని బాగా చేశాడనడానికి రుజువు. ఈ సూత్రం మన ప్రభుత్వ కార్యాలయాల్లో ఎప్పటినుంచో అమల్లో ఉంది.

బరువు మాటకొస్తే 2023 చూడాలి. వాషింగ్టన్ 16వ పిక్‌తో ఇమ్మాన్యుయెల్ ఫోర్బ్స్‌ను తీసుకుంది. కాలేజీలో 14 ఇంటర్‌సెప్షన్లు, అందులో 6 టచ్‌డౌన్లు, మాటలు కాదు. కంబైన్ తూకంలో 166 పౌండ్లు, అంటే 75 కిలోలు. సీజన్ నాలుగో వారం, అక్టోబరు 1న ఫిలడెల్ఫియాలో ఎదురైంది ఎ.జె. బ్రౌన్, 226 పౌండ్లు, 102 కిలోల పైమాట. ఆ రోజు బ్రౌన్ 9 క్యాచ్‌లు, 175 గజాలు, 2 టచ్‌డౌన్లు. అన్నీ ఫోర్బ్స్ ఖాతాలో రాయడం అన్యాయం, కొన్ని చాలు. ఇలాంటి చోట పిల్లవాడి వేగం పనికిరాదు. ఇద్దరూ ఒకేసారి బంతి దగ్గరికి చేరతారు, చేరాక ఎవరు బరువైతే వాళ్లదే జాగా. వాషింగ్టన్ అతణ్ని రెండో సీజన్ పూర్తికాకుండానే వదిలేసింది. 16 తర్వాత వచ్చే 17వ పిక్‌తో న్యూ ఇంగ్లండ్ తీసుకున్నదీ కార్నర్‌నే. పేరు క్రిస్టియన్ గొంజాలెజ్, 2024లో లీగ్ మేటి ఆటగాళ్లను ఎంచే ఆల్-ప్రో రెండో జట్టులో చోటు. అంటే ఆ ఇద్దరి మధ్య తేడా పసిగట్టడానికి వాషింగ్టన్‌కు దొరికిన గడువు చాలలేదు. ఎంతసేపు? సుమారు ఏడాది.

ఇప్పుడు అసలు అభ్యంతరానికి వద్దాం, దీన్ని తీసిపారేయలేం. వీధి తలుపుకు వెయ్యి వరహాల తాళం వేసి పెరటి తలుపుకు గొళ్లెం మాత్రమే పెడితే దొంగ ఎటు వస్తాడు? బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు రెండు కళ్లున్నాయి, మైదానానికి రెండు అంచులున్నాయి. పైగా ఇవాళ్టి ఆటలో సగానికి మించి బంతులకు ముగ్గురు కార్నర్లు మైదానంలో ఉంటారు. వాళ్లలో ఎవడు బలహీనుడో వాడి దగ్గరికే బంతి పోతుంది. పాస్ రషర్ అలా కాదు. వాడు క్వార్టర్‌బ్యాక్ మీదికే పోతాడు కాబట్టి బంతి ఏ వైపు వేయాలనుకున్నా వాణ్ని తప్పించుకోలేరు. డెన్వర్‌నే తీసుకోండి. 2021లో 9వ పిక్‌తో వచ్చిన ప్యాట్రిక్ సర్టెయిన్ 2024లో ఏటి మేటి డిఫెన్స్ ఆటగాడు. అలాంటివాడు ఒక మూల నిలబడితే అవతలివాళ్లు ఏం చేశారు? ఎదురు మూలనున్న 3వ రౌండు కుర్రాడు రైలీ మాస్ మీదికి వేశారు. డెన్వర్ 2025లో 20వ పిక్‌తో ఇంకో కార్నర్‌ను కొంది. మా వాదనకు ఇంతకన్నా బలం ఏముంది? మొదటి రౌండు కార్నర్‌ను కొంటే వచ్చే ఇబ్బందికి మందు మొదటి రౌండులో ఇంకో కార్నర్.

మా పక్షాన నిజంగా నిలబడే లెక్క ఒకటి ఉంది, అది జీతాలది. 2025లో హ్యూస్టన్ కార్నర్ డెరెక్ స్టింగ్లీ 3 ఏళ్లకు 9 కోట్ల డాలర్లు రాయించుకున్నాడు, ఏడాదికి 3 కోట్లు. అలా కాక డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రాడైతే, 2011లో లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందంతో మొదలైన పద్ధతి ప్రకారం పిక్ నంబరును బట్టి జీతం ముందే ఖాయం. నాలుగేళ్లూ దానికే. జట్టు తలుచుకుంటే అయిదో ఏడూ ఉంచుకోవచ్చు, కాకపోతే దాని జీతం వేరు. కుదిరితే మంచి బేరమే. కుదిరితే.

బేరమంటే డాలస్ గుర్తొస్తుంది. ఏ పిక్ ఎంత విలువో చెప్పే పట్టిక 1990ల మొదట్లో జిమ్మీ జాన్సన్ కోచ్‌గా ఉండగా ఈ ఊళ్లోనే పుట్టింది. అందులో 6వ పిక్‌కు 1600 మార్కులు, 14కు 1100, 45కు 450. 2012లో డాలస్ తన 14వ, 45వ పిక్‌లు ఇచ్చి 6కు ఎక్కి మోరిస్ క్లెయిబోర్న్ అనే కార్నర్‌ను తెచ్చుకుంది. ఇచ్చినవి 1550, తెచ్చుకున్నది 1600. నికరంగా 50 మార్కుల లాభం. డాలస్‌లో 5 సీజన్లకు ఆ లాభం మీద వచ్చిన వడ్డీ 4 ఇంటర్‌సెప్షన్లు, ఒక తెగిన మోకాలి నరం. నాలుగు పిక్‌ల తర్వాత 10వదిగా పోయిన స్టెఫాన్ గిల్మోర్ కూడా కార్నరే. 2019లో ఏటి మేటి డిఫెన్స్ ఆటగాడయ్యాడు, కాకపోతే న్యూ ఇంగ్లండ్‌లో.

కౌబాయ్స్ రికార్డు పుస్తకం ఇంకో రకంగా మాట్లాడుతుంది. ఒక సీజన్‌లో అత్యధిక ఇంటర్‌సెప్షన్లు 11. 1981లో ఆ రికార్డు పెట్టిన ఎవర్సన్ వాల్స్‌ను డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. 2021లో దాన్ని అందుకున్న ట్రెవాన్ డిగ్స్ 51వ పిక్. 2023లో పట్టిన బంతిని టచ్‌డౌన్‌దాకా 5 సార్లు మోసుకెళ్లి లీగ్ రికార్డే కొట్టిన డారాన్ బ్లాండ్ 5వ రౌండు, 167వ పిక్. ఇలాంటి చిల్లర దుకాణం సరుకుతో జట్టు పరువేం కావాలి?

పరువు దక్కించుకునే అవకాశం 2021లో వచ్చింది. డాలస్ చేతిలో 10వ పిక్. ఊరంతా కార్నర్ కార్నర్ అంటోంది. 8వ పిక్‌తో కరోలినా జేసీ హార్న్‌ను ఎత్తుకుపోయింది. 9వ పిక్‌తో డెన్వర్ సర్టెయిన్‌ను ఎత్తుకుపోయింది. కళ్ల ముందే కంచంలో ముద్ద పోయినట్టయింది. చేసేదేం లేక డాలస్ ఆ 10వ పిక్‌ను బద్ధశత్రువు ఫిలడెల్ఫియాకే ఇచ్చి 12వదీ 84వదీ పుచ్చుకుంది. ఇష్టం లేని పెళ్లిలా 12తో మైకా పార్సన్స్ అనే లైన్‌బ్యాకర్‌ను తెచ్చుకుంది. మొదటి ఏడే 13 శాక్‌లు (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం), ఏటి మేటి కొత్త డిఫెన్స్ ఆటగాడు. డాలస్‌లో నాలుగేళ్లకు 52.5 శాక్‌లు. కార్నర్ మీద మోజు తీరక అదే డ్రాఫ్ట్ రెండో రౌండులో 44వ పిక్‌తో కెల్విన్ జోసెఫ్‌ను తీసుకున్నారు. 2023లో అతణ్ని మయామీకి ఇచ్చి, మయామీ 2020లో 30వ పిక్‌తో కొన్న ఇంకో కార్నర్‌ను తెచ్చుకున్నారు. పాత బట్టలు వేసినా ఇంట్లో ఒక స్టీలు గిన్నె మిగిలేది.

అందుకే మా విన్నపం మళ్లీ అదే: డాలస్ మొదటి రౌండులో కార్నర్‌నే కోరుకోవాలి. జనవరి నుంచే కోరుకోవాలి, మైకు పెట్టి కోరుకోవాలి, ఫలానా కుర్రాడు లేకపోతే మా డిఫెన్స్ లేదని కంటతడి పెట్టి కోరుకోవాలి. ఆ మాట మనకంటే ముందు వంతున్న రెండు జట్ల చెవినా గట్టిగా పడాలి.