చవక జీతపు మూడేళ్ళలోనే జట్టంతా కట్టెయ్యాలా?

కాంట్రాక్ట్ ముగిసిన ఆటగాళ్ళ కొనుగోళ్ళు మొదలయ్యే జూలై 1 ఏటా దగ్గరపడేసరికి ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ అభిమానుల మధ్య ఒక వాదన పాత పాటలా మళ్ళీ వినబడుతుంది. జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైన కుర్రాడికి తొలి కాంట్రాక్ట్ మూడేళ్ళూ జీతం తక్కువే కాబట్టి, మిగిలే డబ్బుతో ఆ వేసవుల్లోనే పేరున్న సీనియర్లను తెచ్చుకోవాలనీ, ఆ మూడేళ్ళు దాటితే అవకాశం చేజారినట్లేననీ, గెలవని జట్టులో ఆ కుర్రాడు ఎలాగూ నిలవడనీ దాని సారాంశం. 2023లో షికాగో బ్లాక్‌హాక్స్ జట్టు కానర్ బెడార్డ్‌ను ఎంచుకున్నప్పటి నుంచి ఇది మరీ ఎక్కువైంది. షికాగో శివార్లలో స్థిరపడిన మనవాళ్ళు కొందరు దీనికి ఐపీఎల్ వేలం లెక్కలు కూడా జోడిస్తారు. వినడానికి సబబుగానే ఉండే ఈ వాదన ఒక్కో అంశం దగ్గర ఎక్కడ జారిపోతుందో చూద్దాం.

మొదటి అంశం డబ్బు. తొలి కాంట్రాక్ట్‌లో బెడార్డ్ మూల వేతనం ఏడాదికి 9,50,000 డాలర్లు, బోనస్‌లు అదనం; 2024-25లో ఒక జట్టు జీతాల పరిమితి 8.8 కోట్ల డాలర్లు. అంతవరకు లెక్క తప్పు కాదు. తప్పు ఎక్కడంటే, కుర్రాడి చవక కాంట్రాక్ట్ మూడేళ్ళకే అయిపోతుంది గానీ, అతడి పక్కన ఆడించడానికి తెచ్చిన సీనియర్ కాంట్రాక్ట్ అప్పటికి సగం కూడా పూర్తి కాదు. ఐపీఎల్‌లో కొన్నేళ్ళకోసారి మెగా వేలం వచ్చి పలక తుడిచినట్లు పాత లెక్కలన్నీ చెరిపేస్తుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో అటువంటి తుడుపు లేదు, రాసుకున్న ఏడేళ్ళూ చాలామటుకు మోయవలసిందే.

ఎడ్మంటన్ ఆయిలర్స్ మోసిన బరువు ఇదే. 2015 డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికగా కానర్ మెక్‌డేవిడ్ దొరికిన ఆ జట్టు, మరుసటి ఏడాది జూలై 1న 28 ఏళ్ళ మిలాన్ లూచీచ్‌ను ఏడేళ్ళకు 4.2 కోట్ల డాలర్లకు తీసుకుంది. మెక్‌డేవిడ్ పక్కన ఒక బలశాలి వింగర్ ఉంటే ప్రత్యర్థులు అతడి మీదికి రావడానికి జంకుతారన్నది అప్పటి నమ్మకం. లూచీచ్ మొదటి ఏడాది 23 గోల్స్ చేశాడు, రెండో ఏడాది 10, మూడో ఏడాది 6. ఈలోగా 2017 వేసవిలోనే మెక్‌డేవిడ్‌కు ఏడాదికి 1.25 కోట్ల డాలర్ల చొప్పున, లియాన్ డ్రైసైటల్‌కు 85 లక్షల చొప్పున ఎనిమిదేసి ఏళ్ళ కాంట్రాక్టులు ఇవ్వవలసి వచ్చింది. మెక్‌డేవిడ్ కొత్త జీతం మొదలైన 2018-19లో పరిమితి 7.95 కోట్లు కాగా, ఆ ఇద్దరి తర్వాత మిగిలినదానిలోంచి 60 లక్షలు ఏటా లూచీచ్‌కే పోయేవి. చివరికి 2019లో అతణ్ణి కాల్గరీకి ఇచ్చి, అంతే బరువైన కాంట్రాక్ట్ ఉన్న జేమ్స్ నీల్‌ను పుచ్చుకున్నారు.

నా ఉద్దేశంలో లూచీచ్ కంటే పెద్ద నష్టం మరోచోట ఉంది. మెక్‌డేవిడ్‌ను ఎంచుకున్న 2015 డ్రాఫ్ట్ నాడే, తొందరగా డిఫెన్స్‌మన్ కావాలన్న ఆత్రంలో ఎడ్మంటన్ తన 16వ, 33వ పిక్‌లను (డ్రాఫ్ట్‌లో ఎంపిక వంతులను) న్యూయార్క్ ఐలాండర్స్‌కు ఇచ్చి గ్రిఫిన్ రైన్‌హార్ట్‌ను తెచ్చుకుంది. రైన్‌హార్ట్ ఆయిలర్స్ తరఫున రెగ్యులర్ సీజన్‌లో ఆడినవి 29 మ్యాచ్‌లు. ఆ 16వ పిక్‌తో ఐలాండర్స్ ఎంచుకున్న మాథ్యూ బార్జల్ 2017-18లో 85 పాయింట్లతో (గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి) ఆ ఏటి ఉత్తమ నూతన ఆటగాడయ్యాడు. 2016 వేసవిలో టేలర్ హాల్‌ను న్యూజెర్సీకి పంపి ఆడమ్ లార్సన్‌ను తెచ్చారు. లార్సన్ చెడ్డ ఆటగాడేమీ కాదు గానీ, హాల్ 2018లో లీగ్‌లోకెల్లా అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు. విత్తనం గింజలు వండుకు తినడమంటే ఇదే. మెక్‌డేవిడ్ తొలి కాంట్రాక్ట్ మూడేళ్ళలో ఎడ్మంటన్ ప్లేఆఫ్స్‌కు చేరింది ఒక్కసారే, అదీ రెండో రౌండ్‌తో సరి. డబ్బు ఖర్చు పెట్టకపోవడం వల్ల ఓడిన జట్టు కాదది.

దీనికి జవాబుగా షికాగో అభిమానులు తమ సొంత చరిత్రనే చూపిస్తారు. పాట్రిక్ కేన్, జానథన్ టేవ్స్ తొలి కాంట్రాక్టుల చివరి ఏడాదిలో, అంటే 2010లో, బ్లాక్‌హాక్స్ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచిన మాట నిజం. అంతకు ముందు వేసవిలో మరియన్ హోసాను పన్నెండేళ్ళ కాంట్రాక్ట్‌తో తెచ్చిన మాటా నిజమే. ఇది బలమైన ఉదాహరణ కనుక తేలిగ్గా తీసెయ్యను. అయితే హోసా వచ్చేనాటికి ఆ జట్టు కప్ ఫైనల్‌కు ముందు మెట్టయిన కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్ళి ఉంది. రక్షణలో డంకన్ కీత్, బ్రెంట్ సీబ్రూక్ 2002, 2003 డ్రాఫ్టుల్లో ఎంపికై, 2005 నుంచి మంచు మీద రాటుదేలినవాళ్ళు. ఇంటికి గోడలు లేచాక పైకప్పు వేసినట్లుగా హోసా వచ్చాడు. బెడార్డ్ వచ్చిన మొదటి సీజన్‌లో షికాగో 32 జట్లలో 31వ స్థానంలో నిలిచింది. ఆ స్థితికి 2009 వేసవి పాఠం వర్తించదు.

సీనియర్లు పక్కన ఉంటే కుర్రాడి ఆట మెరుగుపడుతుందన్నది మరో అంశం. దీన్ని షికాగో 2024 జూలై 1న పరీక్షించింది. టైలర్ బెర్టూజీకి నాలుగేళ్ళు, టేవో టెరవాయినెన్‌కు మూడేళ్ళు, టి.జె. బ్రోడీకి రెండేళ్ళు, ఇంకా మార్టినెజ్, మరూన్ వంటివారికి ఒక్కో ఏడాది చొప్పున ఇచ్చి ఒక్క రోజులో సగం జట్టు తెచ్చింది. బెర్టూజీ 23 గోల్స్, టెరవాయినెన్ 58 పాయింట్లు చేశారు, కాబట్టి వాళ్ళు విఫలమయ్యారనలేం. అయినా జట్టు లీగ్ పట్టికలో 52 పాయింట్ల నుంచి 61కి పెరిగి, మళ్ళీ అదే 31వ స్థానంలో ఆగింది. సీజన్ మధ్యలో కోచ్ ల్యూక్ రిచర్డ్‌సన్ ఉద్యోగం పోయింది. మొదటి ఏడాది దవడ విరిగి 68 మ్యాచ్‌లే ఆడినా 61 పాయింట్లు తెచ్చిన బెడార్డ్, రెండో ఏడాది 82 మ్యాచ్‌లూ ఆడి 67 తెచ్చాడు. మ్యాచ్‌కు సగటున చూస్తే తగ్గినట్లే. ఇందులో షికాగోను మెచ్చుకోవలసింది ఒకటుంది: కాంట్రాక్టులు పొట్టివి. కలిసిరాని బ్రోడీని ఏడాది తిరక్కుండా బయ్ అవుట్ చేసి (మిగిలిన జీతంలో కొంత చెల్లించి కాంట్రాక్ట్ తెంచుకుని) పంపగలిగారు. లూచీచ్‌ను అలా పంపడం ఎడ్మంటన్‌కు గిట్టుబాటయ్యేది కాదు.

వాడని పరిమితి మరుసటి ఏటికి మిగలదు గదా, వృథాయే గదా అన్నది ఇంకొక మాట. మిగలదన్నది నిజం, వృథా అన్నది కాదు. 2022 జూలైలో టొరాంటో తనకు భారమైన గోల్‌కీపర్ పీటర్ మ్రాజెక్ కాంట్రాక్ట్‌ను వదిలించుకోవడానికి తన 25వ పిక్‌ను కూడా ఇచ్చేసి, బదులుగా షికాగో 38వ పిక్‌తో సరిపెట్టుకుంది. ఆ 25వ పిక్‌తో వచ్చినవాడే డిఫెన్స్‌మన్ సామ్ రింజెల్. ఖాళీగా ఉన్న పరిమితే అక్కడ సరుకు. అది లేనివాడి గతి ఏమవుతుందో 2024 ఆగస్టులో తెలిసింది: సెయింట్ లూయిస్ ఒకే రోజు ఆఫర్ షీట్లు (వేరే జట్టు హక్కులో ఉన్న ఆటగాళ్ళకు కాంట్రాక్ట్ ప్రతిపాదనలు) పంపితే, అంతే జీతం ఇవ్వడానికి పరిమితిలో చోటు లేక ఎడ్మంటన్ తన మొదటి రౌండ్ ఎంపికలు ఫిలిప్ బ్రోబెర్గ్‌ను, డిలన్ హాలొవేను ఇద్దరినీ వదులుకుంది. హాలొవే కొత్త చోట మొదటి ఏడాదే 26 గోల్స్ చేశాడు.

ఇక ఆఖరిది, కుర్రాడు విసిగి వెళ్ళిపోతాడన్న భయం. తొలి కాంట్రాక్ట్ అయిపోయినంత మాత్రాన ఎవరూ స్వేచ్ఛగా వెళ్ళలేరు. ఏడు సీజన్లు నిండేదాకా లేదా 27 ఏళ్ళు వచ్చేదాకా హక్కు జట్టుదే, బయటి జట్టు ఆఫర్ షీట్ ఇచ్చినా ఏడు రోజుల్లో అంతే మొత్తం ఇచ్చి నిలుపుకోవచ్చు. ఆ లెక్కన బెడార్డ్ హక్కులు 2030 వేసవి దాకా షికాగో చేతిలోనే ఉంటాయి. కొలరాడోలో 2013 డ్రాఫ్ట్ మొదటి పిక్ నేథన్ మెకినన్ తొలి మూడేళ్ళలో కప్ రాలేదు, నాలుగో ఏడాది జట్టు 48 పాయింట్లతో లీగ్‌లో అట్టడుగున పడింది. ఆ పతనంతో వచ్చిన నాలుగో పిక్‌తో కేల్ మకార్‌ను ఎంచుకుని, మెకినన్ రెండో కాంట్రాక్ట్ ఏడాదికి 63 లక్షలకే నడుస్తుండగా 2022లో కప్ గెలిచింది. పరిమితి 2025-26లో 9.55 కోట్లకు, మరుసటి ఏటికి 10.4 కోట్లకు పెరుగుతున్న ఈ రోజుల్లో అంత చవక రెండో కాంట్రాక్ట్ ఏ ఏజెంటూ ఒప్పుకోడన్నది నేనూ కాదనను. భయం పూర్తిగా ఉత్తదనీ అనను: 2025 అక్టోబరులో మెక్‌డేవిడ్ అదే 1.25 కోట్లకు కొత్తగా సంతకం చేసింది రెండేళ్ళకే. అది అతడి పదకొండో సీజన్ మొదలవుతున్నప్పటి మాట. మూడో వేసవిలో మాత్రం అతడు ఎనిమిదేళ్ళకు సంతకం చేశాడు, అతడు వచ్చాక అప్పటికి ఎడ్మంటన్ గెలిచింది ఒకే ఒక్క ప్లేఆఫ్ సిరీస్.