పాయింట్లు లేకపోతే పోటీ లేనట్టేనా?

అమెరికాలో కార్ల రేసులు నడిపే సంస్థ నాస్కార్. మే నెలలో దాని ఆల్ స్టార్ రేసు, అంటే సీజన్ ఛాంపియన్‌ను తేల్చే పాయింట్లతో సంబంధం లేని ప్రత్యేక రేసు, వచ్చిందంటే ఒక మాట మళ్లీ మళ్లీ తిరుగుతుంది. "ఇందులో పాయింట్లు లేవు కాబట్టి డ్రైవర్లు సీరియస్‌గా నడపరు. అభిమానులు ఓటేస్తే ఎవరైనా వచ్చేయొచ్చు. ఆటకు దీనివల్ల ఒరిగిందేమీ లేదు, ఎత్తేయడమే మంచిది" అని. ఈ రేసంటే నాకు చాలా ఇష్టం. ఆ ఇష్టాన్ని పక్కన పెట్టి చూసినా ఈ మాటల్లో ఒక్కటీ పూర్తిగా నిలబడదు.

పాయింట్ల సంగతే ముందు చూద్దాం. మామూలు రేసులో డ్రైవర్ లెక్కలు వేసుకుంటాడు. మూడో స్థానంలో ఉంటే, ముందువాడితో తగులుకుని ఉన్న పాయింట్లు పోగొట్టుకోవడం దేనికని ఆగిపోతాడు. ఇక్కడ కాపాడుకోవడానికి ఏమీ లేదు. గెలిచినవాడికి భారీ మొత్తం, రెండోవాడికి పెద్దగా గుర్తింపు ఉండదు. అందుకే తెగిస్తారు. 1992లో షార్లట్ ట్రాక్ మీద మొదటిసారి లైట్ల వెలుగులో ఈ రేసు జరిగింది. చివరి ల్యాప్‌లో, అంటే ట్రాక్ చుట్టూ ఆఖరి చుట్టులో, ముందున్న డేల్ ఎర్న్‌హార్ట్ కారు అదుపు తప్పి గిర్రున తిరిగిపోయింది. కైల్ పెటీ, డేవీ ఆలిసన్ పక్కపక్కనే దూసుకొచ్చారు. ముగింపు గీత దగ్గర రెండు కార్లూ తగిలాయి, ఆలిసన్ కారు గోడను గుద్దింది. గెలిచింది ఆలిసనే. కానీ విజేతల వేదిక మీదకు కాదు, ఆసుపత్రికి వెళ్లాడు. సీరియస్‌గా నడపనివాడికి ఇలా జరగదు.

ఇదంతా డ్రామా అనేవాళ్లు 1987లో జరిగిన ఇదే రేసు క్లిప్‌ను చూపిస్తారు. ఎర్న్‌హార్ట్ గడ్డిలోంచి వెళ్లి బిల్ ఎలియట్‌ను దాటేశాడని చెబుతారు. ఆ సంఘటనకు 'పాస్ ఇన్ ద గ్రాస్' (గడ్డిలో దాటడం) అనే పేరు స్థిరపడిపోయింది కానీ, ఆ పేరే తప్పు. అప్పటికే ముందున్నది ఎర్న్‌హార్ట్. ఎలియట్ కారు తగలడంతో గడ్డిలోకి జారి, అంత వేగంలోనూ కారును అదుపు చేసుకుని, ముందున్న స్థానం పోకుండా ట్రాక్ మీదకు వచ్చాడు. దాటడం కన్నా అది కష్టమని నా అభిప్రాయం. రేసు అయ్యాక కూడా ఎలియట్ కోపం చల్లారలేదు, ఎర్న్‌హార్ట్ కారును గుద్దాడు. అధికారులు జరిమానాలు కూడా వేశారు.

ఓట్ల మాట సగమే నిజం. మామూలుగా చోటు దక్కేది ఇటీవలి రేసులు గెలిచినవాళ్లకు, పాత ఛాంపియన్లకు, గతంలో ఇదే రేసు గెలిచినవాళ్లకు. 2025 దాకా మిగతావాళ్లు ముందుగా జరిగే అర్హత రేసులో నెగ్గి రావాల్సి ఉండేది. ఓట్లతో వచ్చే చోటు ఒక్కటి. 2008లో ఆ ఒక్క చోటులో వచ్చిన కేసీ కేన్, రేసునే గెలిచేశాడు. అలాంటివాణ్ణి జనం లోపలికి తెస్తే తప్పేముంది?

ఇక 'ఒరిగిందేమీ లేదు' అనే మాట. నాకు బాధ కలిగించేది ఇదే. పాయింట్లు లేవు కాబట్టే నాస్కార్ కొత్త పద్ధతులను ఇక్కడ భయం లేకుండా పరీక్షిస్తుంది. 2018లో ఇంజిన్ శక్తి తగ్గించి, కారు వెనక గాలిని అడ్డుకునే పలకను (స్పాయిలర్) పెంచి కార్లను ఇక్కడే నడిపించి చూశారు. 2019లో పెద్ద ట్రాకుల నియమాలకు అదే దారి చూపింది. మధ్యలో నెమ్మదించిన రేసు మళ్లీ మొదలయ్యే ముందు (రీస్టార్ట్) లోపలి వరుసా, బయటి వరుసా అన్నది డ్రైవరే ఎంచుకునే పద్ధతిని 2020లో బ్రిస్టల్‌లో జరిగిన ఆల్ స్టార్ రేసులో ప్రయత్నించారు. ఆ ఏడాదే అది పాయింట్ల రేసుల్లోకి వచ్చింది.

విమర్శకులు చెప్పేదాంట్లో ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. నియమాలను ఏటా మార్చేస్తుంటే రేసులో ఏ భాగం (సెగ్మెంట్) ఎన్ని ల్యాప్‌లో అభిమానులకే గుర్తుండటం లేదు. 2003లో గెలుపు బహుమతి పది లక్షల డాలర్లయింది, ఇరవై ఏళ్లు దాటినా అక్కడే ఉంది. ఇవి సరిదిద్దాల్సినవే, కానీ రేసునే ఎత్తేయడానికి ఇవి కారణాలు కావు.

ఈ రేసు వల్ల ఒరిగినదానికి ఇంకో ఉదాహరణ నార్త్ కరొలైనాలోని నార్త్ విల్క్స్‌బరో ట్రాక్. అది 1947 నాటిది, చుట్టుకొలత మైలులో ఎనిమిదింట ఐదు వంతులు, అంటే దాదాపు కిలోమీటరు. 1996 తర్వాత పెద్ద రేసులు పోయి పాడుబడిపోయింది. మళ్లీ నాస్కార్ అగ్రశ్రేణి కార్లు అక్కడికి వచ్చింది 2023లో, ఆల్ స్టార్ రేసు కోసమే. ఆ తర్వాత రెండేళ్లూ అక్కడే జరిగింది. 2026 షెడ్యూల్‌లో ఆ ఊరికి పాయింట్ల రేసు ఇచ్చారు.