నిల్ గారికి

గౌరవనీయులైన నిల్ గారికి,

నెల్లూరు నుంచి, ఏటా మిమ్మల్ని టైపు చేసే జూనియర్ అసిస్టెంటు నమస్కరించి రాయునది. ఇక్కడందరం క్షేమం. మీరు క్షేమంగా ఉన్నంతకాలం మా కాలేజీ కూడా క్షేమమే.

వార్షిక నివేదికలో ‘లైంగిక వేధింపులపై అందిన ఫిర్యాదులు’ అనే గడి మీ సొంతిల్లు. ‘ఒక్కటీ లేదు’ అని చెప్పడమే మీ పని. 1997లో సుప్రీంకోర్టు ‘విశాఖ తీర్పు’ ఇచ్చిందంటే ఇదేదో వైజాగు గొడవ అనుకున్నాను. కాదట, రాజస్థాన్‌లో భన్వరీదేవి అనే కార్యకర్తపై జరిగిన అత్యాచారం మీద ‘విశాఖ’ అనే సంస్థ, మరికొన్ని సంస్థలు కలిసి వేసిన కేసట. తర్వాత 2013లో చట్టం వచ్చి, ఏటా లెక్క చెప్పమంది. లెక్కనగానే మాకు టెన్షన్. మీరే ఆదుకున్నారు.

మిమ్మల్ని కడుపులో పెట్టుకుని చూసుకునేది మా ఫిర్యాదుల కమిటీ మేడమ్. ఆవిడ స్త్రీలపై హింస మీద పీహెచ్‌డీ చేశారు. సముద్రం ఒడ్డు పల్లెల్లో ఇంటింటికీ తిరిగి, దెబ్బలు తిన్నవాళ్లు ఎందుకు నోరు విప్పరో రాసుకొచ్చారు. బైండింగు చేయించింది నేనే కాబట్టి చదివాను. అబద్ధమెందుకు, కళ్లు తడిశాయి. ఆ పుస్తకం మీదే మేడమ్ మెట్లెక్కారు. కమిటీ కుర్చీ, సెమినార్లు, శాలువాలు.

మొన్న కమిటీ ఫిర్యాదుల పెట్టె తెరిచాం. అది ప్రిన్సిపాల్ గది గుమ్మం పక్కనే, సీసీ కెమెరా కిందే ఉంటుంది. లోపల రెండు బల్లి గుడ్లు, ఒక చాక్లెట్ కాగితం, మూడు చీటీలు.

‘హాస్టల్ బాత్రూమ్‌కి గడియ లేదు, బయట ఎవరో నిలబడుతున్నారు.’ మెయింటెనెన్స్‌కి పంపించారు.

‘ల్యాబులో సారు మౌసు పట్టుకోవడం నేర్పిస్తానని నా చెయ్యి వదలడం లేదు.’ ప్రాక్టికల్స్ మార్కులు తక్కువొచ్చి ఉంటాయన్నారు.

‘మేడమ్, మీతో ఒక మాట చెప్పాలి. ఎక్కడికి రావాలి?’ పేరు లేదు, చెల్లదన్నారు.

రాయలేనివాళ్లకి కమిటీయే సాయం చేసి రాయించాలని చట్టంలో ఉంది. మా ఫైల్లో ఆ పేజీ జిరాక్సు సరిగ్గా పడలేదు లెండి.

సెమినార్లో మాత్రం మేడమ్ మొదటి స్లైడు సారా వ్యతిరేక ఉద్యమం నడిపిన దూబగుంట రోశమ్మ ఫొటో. మన జిల్లా ఆడవాళ్లు సారా వేలంపాటలకి అడ్డుపడ్డారనీ, 1993లో ప్రభుత్వం సారా ఆపక తప్పలేదనీ గొప్పగా చెబుతారు. అదే రోశమ్మ మా పెట్టెలో చీటీ వేసుంటే ‘ఇంటి వ్యవహారం’ అని రాసి ఫైలు మూసేసేవాళ్లం. సెమినార్ అయ్యాక అతిథులకి తలా ఒక మలైకాజా డబ్బా. బాగుంటాయి, నేనూ ఒకటి తెచ్చుకున్నాను.

నిన్న సాయంత్రం ఒక పిల్ల బస్ పాస్ ఫారం కోసం వచ్చింది. నా ఎదురుగానే నింపింది. ఇచ్చేశాక కూడా కదల్లేదు. ‘ఇంకేం కావాలమ్మా’ అంటే ‘ఏం లేదు మేడమ్’ అంది. తను వెళ్లాక ఫారం చూశాను. ఆ కొమ్ములు, ఆ పక్కకి వాలిన అక్షరాలు మూడో చీటీవే. ఫారంలో పేరు కూడా ఉంది.

అందుకని నిల్ గారూ, ఈసారి మీ గడి ఖాళీగా వదిలాను. కాసేపు బయట బెంచీ మీద కూర్చోండి. ఆ పిల్ల పాస్ తీసుకోవడానికి సోమవారం వస్తుంది.

ఇట్లు,
మీ టైపిస్టు