గోండ్రీ మొదట డ్రమ్మర్

ఫ్రెంచ్ సినిమా దర్శకుడు మిషెల్ గోండ్రీ గురించి మీరు వేసిన వ్యాసంలో, ఆయన మ్యూజిక్ వీడియోలను సినిమాలకు ముందు చేసిన సాధన అన్నట్టు ఒక్క పేరాలో తేల్చేశారు. చదివి బాధనిపించింది. నా దృష్టిలో ఆయన గొప్ప పనంతా అక్కడే ఉంది.

ఆయన మొదట 'వీ వీ' అనే ఫ్రెంచ్ బ్యాండులో డ్రమ్మర్. సొంత బ్యాండుకు తీసిన వీడియోలు చూసే గాయని బ్యోర్క్ ఆయన్ని పిలిచారు. 1993లో ఆమె పాటకు ఆయన తీసిన మొదటి వీడియో వచ్చింది. ఆ డ్రమ్మర్ చెవి ఎక్కడికీ పోలేదు. 2002లో కెమికల్ బ్రదర్స్ అనే బ్రిటిష్ ఎలక్ట్రానిక్ సంగీత జంటకు తీసిన 'స్టార్ గిటార్' చూడండి. రైలు కిటికీలోంచి కనిపించే దృశ్యం, అంతే. కథ లేదు, పాడేవాళ్లు కనిపించరు. కాసేపటికి తెలుస్తుంది, బయట కనిపించే స్తంభాలూ కట్టడాలూ వంతెనలూ తాళానికి సరిగ్గా వచ్చి పోతున్నాయని! నారింజపళ్లు, ఫోర్కులు, గ్లాసులు వరసగా పేర్చి ముందే ఆ లెక్క చూసుకున్నారట. నేను మొదటిసారి సగంలో ఆపి, మళ్లీ మొదటినుంచి పెట్టుకున్నాను. ఇప్పటికీ రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే కరెంటు స్తంభాలు లెక్కపెడతాను.

అదే ఏడాది వైట్ స్ట్రైప్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండుకు లెగో బొమ్మ ముక్కలతో చేసిన వీడియో ప్రస్తావనే మీ వ్యాసంలో లేదు. దయచేసి వీటి మీద విడిగా ఒక వ్యాసం రాయండి.