సవరణ: పెనం కాదు, కుండ

మొన్న పూతరేకుల గురించి రాసినదాంట్లో తప్పులు దొర్లాయండి. రేకుని దోసెలా పెనం మీద పోస్తారని రాసేశాను, అది చదివి మా పిన్ని ఫోన్ చేసి "తినడమే గానీ ఎప్పుడైనా చూశావట్రా" అని అరగంట వాయించింది. బోర్లించిన కుండ, కింద మంట, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఇలా వేసి అలా లాగేస్తే కాగితం లాంటి రేకు లేచి వచ్చేస్తుంది, నేను ట్రై చేస్తే చెయ్యి కాలడమే అనుకోండి. ఇంకోటి, పూతరేకులకి పేరుమోసిన ఆత్రేయపురం తూర్పు గోదావరి జిల్లా అన్నాను, 2022లో జిల్లాలు విడగొట్టాక అది కోనసీమలోకి వెళ్ళింది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ ట్యాగ్ (ఇది ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే గుర్తింపు) వచ్చిందన్నది మాత్రం కరెక్టే. నెయ్యి తగ్గించినా పర్లేదన్న ముక్క తప్పు కాదట, పాపమట, అదీ తీసేశాను.