ముందు పుస్తకం కాదు, ముందు సీజన్

అమెరికన్ టీన్ మిస్టరీ సీరియల్ ‘రివర్‌డేల్’ చూడబోయేవాళ్లు ముందుగా దాని ప్రీక్వెల్ (సీరియల్‌కి ముందు జరిగే కథ) ‘ది డే బిఫోర్’ నవల చదవాలని ఒక వ్యాసంలో రాశారు. కథాకాలం ప్రకారం అది సరే, కానీ మిస్టరీకి ఆ వరుస పనికిరాదు. సీరియల్ 2017 జనవరిలో మొదలైంది. మికోల్ ఆస్టో నవల 2018 డిసెంబర్‌లో, స్కొలాస్టిక్ ప్రచురణ సంస్థ నుంచి వచ్చింది. అంటే సీరియల్ చూసేసినవాళ్ల కోసం రాసిన పుస్తకమది.

మొదటి ఎపిసోడ్ తీసుకోండి. జులై 4 పొద్దున స్వీట్‌వాటర్ నదిలో పడవ. గ్లవ్ నీళ్లలో పడిందని, దాన్ని అందుకోబోయి తన కవల సోదరుడు జేసన్ మునిగిపోయాడని చెరిల్ చెబుతుంది. ఎపిసోడ్ ముగిసేసరికి జేసన్ శవం దొరుకుతుంది, నుదుట తూటా గాయంతో! అతను చనిపోయింది వారం తర్వాత, జులై 11న అని ఆపై ఎపిసోడ్లలో తేలుతుంది. ఈ తేదీల మెలికే సీజన్‌కి ప్రాణం. చూసేవాళ్లకి ముందే ఏమీ తెలియకుండా ఆ దెబ్బ తగలాలి.

ప్రీక్వెల్ రచయితకి హంతకుణ్ణి బయటపెట్టే వీలుండదు. అందుకే ఈ నవల బలమంతా వేరే ప్రశ్నల్లో ఉంది: సీరియల్ ప్రధాన పాత్రల్లో ఆర్చీ, జగ్‌హెడ్‌ల స్నేహం ఎందుకు చెడింది, న్యూయార్క్‌లో వెరోనికా ఎలా బతికింది, లాస్ ఏంజెలెస్ ఇంటర్న్‌షిప్‌లో బెట్టీకి ఏం జరిగింది. సీరియల్‌లో ఆ ముఖాలు చూసి ఉంటేనే ఇవి మనసుకి తగులుతాయి.

కాబట్టి మొదటి సీజన్ 13 ఎపిసోడ్లూ పూర్తిచేసి, ఆపైన నవల పట్టుకోండి. చదివాక మొదటి ఎపిసోడ్ మళ్లీ పెట్టండి. ఆర్చీ, జగ్‌హెడ్ ఎదురుపడే సీన్ బరువు అప్పుడు తెలుస్తుంది.